బొర్సింగ్ తోట తగలబడిన ఏడాది

చలి తగ్గి, వానలు ఇంకా మొదలుకాని రోజులు. ఆ శనివారం త్రోస్వెల్ కొండ మీది తన చేలో ఎండుగడ్డికి నిప్పు పెట్టాడు. చీపురు గడ్డి వేసుకునేవాళ్ళందరూ ఏటా చేసే పనే. చుట్టూ బారెడు వెడల్పున నేల గీకి శుభ్రం చేశాడు. గాలి లేదని చూసుకున్నాడు. సూర్యుడు కింద బంగ్లా మైదానాల వైపు వాలేసరికి గడ్డంతా బూడిదైంది. ఒక మూల పాత పనస మొద్దు మాత్రం లోలోపల రాజుకుంటూ సన్నగా పొగ విడుస్తోంది.

రెండు దోసిళ్ళ మట్టి దాని మీద పోశాడు. పొగ ఆగలేదు. నీళ్ళు తెచ్చి పోయాలంటే వాగులోకి దిగి మళ్ళీ అంత కొండా ఎక్కాలి. పొద్దుపోతే మంచు కురుస్తుంది, అదే ఆరిపోతుందిలే అనుకున్నాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగి చూశాడు. పొగ వస్తూనే ఉంది. అయినా దిగి ఇంటికి వచ్చేశాడు.

తొందర ఎందుకంటే మర్నాడు చర్చిలో పాఠం చెప్పాల్సింది అతనే. త్రోస్వెల్ మా సంఘంలో పెద్ద. నలభై దాటలేదు, అయినా ఊళ్ళో దాదాపు అందరూ అతన్ని బాహ్ త్రోస్వెల్ అనే పిలిచేవాళ్ళు, అంటే అన్నగారని. వయసులో పెద్దవాళ్ళు కూడా. మాట మీద నిలబడే మనిషని పేరు.

ఆదివారం పాఠం పాస్టరు ఇచ్చిందే. వాక్యం చేరని మనుషులకు దేవుడు తనను తాను ఎలా తెలియజేసుకున్నాడు? త్రోస్వెల్ బాగా చెప్పాడు. వానను చూడండన్నాడు. మన కొండల మీద పడే వాన ఎవరి మాటా వినదు, దాన్ని చూసిన ఏ మనిషైనా తనకంటే పెద్దవాడొకడు ఉన్నాడని ఒప్పుకోక తప్పదన్నాడు. తర్వాత ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "ఇక్కడ ఇంకొక సాక్షి కూర్చుని ఉంటాడు" అన్నాడు. "అబద్ధం తప్పని మన ముత్తాతలకు ఎవరు చెప్పారు? అప్పటికి మన భాషకి అక్షరాలే లేవు. అయినా వాళ్ళకు తెలుసు. దేవుడు ఎవర్నీ చీకట్లో వదిలెయ్యలేదు. నాకు తెలీదండీ అని తప్పించుకోవడానికి ఏ మనిషికీ వీల్లేదు."

అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. కానీ జనం తల ఊపుతుంటే హుషారొచ్చింది. "ఇంత తెలిసీ కొందరు ఇప్పటికీ కష్టమొస్తే గుడ్డు పగలగొట్టి, కారణం చెప్పమని పెంకుల్ని అడుగుతుంటారు. పెంకులేం చెబుతాయి, అట్టు వేసుకోమని చెబుతాయి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ మాట ఎవరినన్నాడో అందరికీ తెలుసు. ఊళ్ళో చర్చిలో చేరకుండా పాత ధర్మంలో ఉండిపోయిన ఇళ్ళు ఐదారే. వాటిలో పెద్ద మనిషి బొర్సింగ్, త్రోస్వెల్ పక్క తోటవాడు. వాళ్ళూ మేమూ దేవుణ్ణి పిలిచే పేరు ఒక్కటే, ఉ బ్లెయి. మిగతాదే వేరు.

ఆ నవ్వు ఇంకా పూర్తిగా ఆగకముందే బయట ఎవరో తోట అంటుకుందని కేక పెట్టారు.

పొద్దున్నే గాలి లేచింది. వెదురు పొద మీదుగా మంట దిగి బొర్సింగ్ తోటలో పడింది. చర్చి మొత్తం పరుగెత్తింది. పచ్చి కొమ్మలతో కొట్టారు, వాగు నుంచి డబ్బాలతో నీళ్ళు అందుకున్నారు, అడ్డంగా గడ్డి కోశారు. సాయంత్రానికి మంట ఆగింది. అప్పటికి బిర్యానీ ఆకు చెట్లు సగానికి పైగా పోయాయి. పోక చెట్లకు పాకించిన మిరియాల తీగలు నల్లగా వేలాడుతున్నాయి. బొర్సింగ్ ఒక రాయి మీద కూర్చుని వాటిని చూస్తూ ఉన్నాడు. అరవై ఏళ్ళ మనిషి. ఆ చెట్లు వాళ్ళమ్మ నాటింది. అమ్మ ఆస్తి ఆఖరి కూతురికే చేరడం మా ఆచారం గనక ఇల్లూ తోటా చిన్న చెల్లెలు ఫిల్లావి. ఆ ఇంటి పిల్లలకు మేనమామగా మంచీ చెడూ చూసే భారం బొర్సింగ్‌ది.

త్రోస్వెల్ దగ్గరికి ఊరి పెద్ద వచ్చాడు. "నిన్న నువ్వు గడ్డి కాల్చావు గదా. పూర్తిగా ఆరిందా?"

"ఆరింది" అన్నాడు త్రోస్వెల్. అంతటితో ఊరుకోలేదు. "నీళ్ళు పోసే వచ్చాను."

ఊరి పెద్ద ఇంకా ఏదో అడగబోతుంటే బొర్సింగే అడ్డుపడ్డాడు. "అతను చెప్పాక ఇంకేముంది. త్రోస్వెల్ అబద్ధం ఆడే మనిషి కాదు. తేనె కోసుకునేవాళ్ళు ఎవరో పొగ పెట్టుంటారు. వదిలెయ్యండి."

తేనె కోసేవాళ్ళు అవతలి లోయ నుంచి వస్తుంటారు, పేరూ ఊరూ ఎవరికీ తెలీదు. నింద వాళ్ళ మీదికి పోయింది. త్రోస్వెల్ మసి చేతులు కడుక్కోవడానికి వాగులోకి దిగి, అక్కడే చాలాసేపు ఉండిపోయాడు.

మర్నాటి నుంచి అతనికి ప్రార్థన రాలేదు. మోకాళ్ళ మీద కూర్చుని నోరు తెరిస్తే "నీళ్ళు పోసే వచ్చాను" అన్న మాటే తిరిగి వచ్చేది. వేరే పని పెట్టుకుంటే పోతుందనుకున్నాడు. బొర్సింగ్ తోటకు వెళ్ళి కాలిన చెట్లు నరికించాడు. తన పొలం నుంచి పోక మొక్కలు వీపు బుట్టలో మోసుకెళ్ళి ఇచ్చాడు. చర్చిలో లేచి, పాత ధర్మం వాళ్ళైనా పొరుగువాళ్ళే, ప్రతి ఇంటి నుంచీ బియ్యం పోగు చేద్దామన్నాడు. పాస్టరు అందరి ముందూ అతన్ని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు వింటూ త్రోస్వెల్ కూర్చున్న బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

బియ్యం ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఫిల్లా గుమ్మంలోకి వచ్చింది. ముఖం వాచి ఉంది.

"ఒంట్లో బాగోలేదా, కాంగ్?" అని అడిగాడు. కాంగ్ అంటే అక్కగారని.

"ఒళ్ళు బాగానే ఉంది" అంది ఫిల్లా. "అన్నయ్య గుడ్డు పగలగొట్టాడు. ఇంత చేటు ఎందుకొచ్చిందని అడిగాడు. తప్పు ఇంట్లోనే ఉందని వచ్చింది. ఇంటి బాధ్యత ఎవరిది, నాదే గదా. అమ్మ పోయి నాలుగేళ్ళైంది. అస్థికలు ఇంకా మా వంశం రాతిగూటికి చేర్చలేదు. ఏటా వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ నేనే నాన్చాను. అన్నయ్య పిల్లల ముందే అన్నాడు, అమ్మను వానలో వదిలేశావు, అమ్మ చెట్లను అమ్మే తీసుకుపోయిందని."

"అలా అనుకోకండి" అన్నాడు త్రోస్వెల్.

"మరెలా అనుకోవాలి?"

అతను బియ్యం బుట్ట దించి వచ్చేశాడు. ఆ ప్రశ్నకు జవాబు తన దగ్గర ఉంది. ఇప్పుడు చెబితే ఇంతకాలం ఎందుకు చెప్పలేదని అడుగుతారు, రేపు చెబితే అప్పుడూ అదే అడుగుతారు. ఆలస్యమైన కొద్దీ నోరు ఇంకా బరువెక్కుతోంది. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

"ఎండుచేప పచ్చడి కూడా దిగట్లేదా?" అంది భార్య ఎర్మిలిన్. "బొర్సింగ్ తోట కాలిందా, నీ కడుపు కాలిందా?"

అతను బయటికి వెళ్ళిపోయాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

సంత జరిగిన మర్నాటి పొద్దున బొర్సింగ్ వచ్చాడు. మంచి పంచె కట్టుకుని, తలపాగా చుట్టుకుని వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"నీతో పొలంలో పని ఉంది, తమ్ముడూ. రా."

ఇద్దరూ రెండు తోటల మధ్య హద్దు దగ్గరికి ఎక్కారు. నాచు పట్టిన హద్దురాయి ముందు బొర్సింగ్ ఆగాడు. తలపాగా విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"ఈ రాయి ఇక్కడిది కాదు" అన్నాడు.

త్రోస్వెల్‌కు అర్థం కాలేదు.

"కొండచరియ జారిన ఏడాది గుర్తుందా? నువ్వప్పుడు షిల్లాంగులో చదువుకుంటున్నావు. మీ నాన్న మంచం మీద ఉన్నాడు. రాయి దొర్లి వాగులో పడింది. పైకి తెచ్చి పాతింది నేనే. పాతేటప్పుడు మీ వైపుకి జరిపాను. ఆ రెండు పనస చెట్లు మా వైపుకి రావాలని. ఎవరూ చూడలేదు. మీ నాన్న లేచి వచ్చాక కూడా గుర్తుపట్టలేదు. లేకపోతే గుర్తుపట్టి ఊరుకున్నాడేమో, అది నాకు తెలీదు."

"బాహ్, ఎప్పటి సంగతో—"

"చెప్పనీ. చెల్లెల్ని అనుమానించాను. మేనల్లుళ్ళను పొయ్యి ముందు నిలబెట్టి ఒట్టు వేయించాను. అందర్నీ అడిగాను, నన్ను తప్ప. నిన్న ఆ గుడ్డు ముందు మళ్ళీ కూర్చుంటే అప్పుడు సిగ్గేసింది. అడగాల్సింది ఎవర్నో నాకు మొదటి నుంచీ తెలుసు."

"గుడ్డు చెప్పిందా?" అన్నాడు త్రోస్వెల్. ఏం మాట్లాడాలో తెలీక నోటికొచ్చిన మాట అది.

బొర్సింగ్ అతని వైపు చూశాడు. "గుడ్డు ఏం చెబుతుంది తమ్ముడూ. అట్టు వేసుకోమంటుంది" అన్నాడు. చర్చిలో అన్న మాట అతని దాకా వచ్చిందన్నమాట. ఆ మాటలో కోపం లేదు, అలిసిపోయిన ఎగతాళి ఉంది. "రాయి జరిపిన రోజే నాకు తెలుసు. చూసేవాడు చూస్తున్నాడని తెలుసు. ఆ పనసకాయ కోసిన ప్రతిసారీ తెలుస్తూనే ఉంది. మీకైతే పుస్తకం ఉంది, చదివి తెలుసుకుంటారు. మాకు ఎవరూ చదివి చెప్పరు. అయినా చేతిలో పనసకాయ బరువెక్కుతుంది. ఉ బ్లెయి నన్ను చాలా ఏళ్ళు ఓపిక పట్టి అడిగాడు. వినలేదు. ఇప్పుడు నిప్పుతో అడిగాడు."

"బాహ్, ఆ నిప్పు దీని వల్ల రాలేదు."

"నీకెలా తెలుసు?"

గాలి లేదు. కింద ఎవరో వెదురు నరుకుతున్న చప్పుడు వస్తోంది. త్రోస్వెల్ నోరు తెరిచాడు. చెప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు, మంచి సమయం లేదు, అడిగినవాడు ఎదురుగా ఉన్నాడు. అయినా చెప్పలేకపోయాడు. చూపు నేల మీదికి దించేశాడు.

"నువ్వు మంచివాడివి గనక అలా అంటావు" అన్నాడు బొర్సింగ్. "పట్టు. ఈ రాయి అసలు చోటికి జరుపుదాం. అది జరిగితే గానీ నేను ఆ తోటలో మొక్క నాటను."

ఇద్దరూ కలిసి గడ్డపారతో రాయిని పెకలించారు. పాత గుంట ఎక్కడో బొర్సింగ్‌కు వెతక్కుండానే తెలుసు. అక్కడ పాతారు. మట్టి తొక్కేటప్పుడు బొర్సింగ్ కళ్ళు మూసుకుని దేవుడితో ఏదో మాట్లాడాడు. పెద్దగా ఏం కాదు, రెండు మూడు మాటలు. త్రోస్వెల్‌కు అందులో ఒక్కటే వినిపించింది, కడిగెయ్యి అని. తర్వాత ఆ ముసలాయన ముఖం తేలికపడింది. తలపాగా మళ్ళీ చుట్టుకుని, వెళ్ళొస్తానని చెప్పి దిగిపోయాడు.

త్రోస్వెల్ అక్కడే నిలబడ్డాడు. అతనికి దక్కిన నేల అతని కాళ్ళ కింద ఉంది. రెండు పనస చెట్లు తనవైపు నిలబడి ఉన్నాయి. చర్చిలో తను చెప్పిందంతా నిజమే. ఛాతీలో కూర్చున్న సాక్షి గురించి చెప్పాడు, ఆ సాక్షి పలికినప్పుడు బొర్సింగ్ లేచి వచ్చాడు. బాప్తిస్మం లేదు, వాక్యం లేదు, పాట రాదు. అయినా వచ్చాడు. తనకు అవన్నీ ఉన్నాయి. తను నేల చూశాడు. కొండలూ వానా దేవుణ్ణి చూపిస్తాయని అంత బాగా చెప్పినవాడికి ఇప్పుడు తలెత్తి ఆ కొండల వైపు చూడాలంటే భయమేసింది.

ఇంటికి వచ్చి ఎర్మిలిన్‌కు మొత్తం చెప్పాడు. మొద్దు సంగతి, రెండు దోసిళ్ళ మట్టి, నీళ్ళ అబద్ధం, హద్దురాయి. ఆమె బియ్యం చెరుగుతూ వింది.

"నాకు చెప్పి ఏం లాభం? నా తోట కాలిందా?" అంది.

"ముందు నీకు చెబితే—"

"నాకు తెలుసు" అంది ఎర్మిలిన్. చేట పక్కన పెట్టింది. "నీళ్ళ డబ్బా ఆ రోజంతా ఇంట్లోనే ఉంది. నువ్వు నీళ్ళు పోశానని ఊరి పెద్దతో అంటుంటే నేను నీ వెనకే ఉన్నాను. దేంతో పోశావని ఆ రాత్రే అడగాల్సింది. అడగలేదు. ఫిల్లా ఏడుస్తుంటే పక్కన కూర్చుని ఓదార్చాను గానీ నోరు విప్పలేదు. పరువు పోతుందని. ఎవరి పరువో." చేట మళ్ళీ అందుకుని, "వెళ్ళు. నేను రాను. నేను చెప్పుకోవాల్సింది తర్వాత నేనే వెళ్ళి చెప్పుకుంటాను" అంది.

అతను వెళ్ళేసరికి బొర్సింగ్ వాకిట్లో పోకకాయలు ఒలుస్తున్నాడు. ఫిల్లా పొయ్యి దగ్గర ఉంది, తలుపు తెరిచే ఉంది. త్రోస్వెల్ కూర్చోలేదు.

"నిప్పు నాదే" అన్నాడు. "మొద్దు రాజుకుంటూనే ఉంది. చూసి కూడా వదిలేసి వచ్చాను. నీళ్ళు పోయలేదు. పోశానని అబద్ధం ఆడాను. ఇందాక రాయి దగ్గర కూడా చెప్పలేదు."

బొర్సింగ్ చేతిలో కత్తి ఆగింది. ఒలిచిన కాయ బుట్టలో వేశాడు. మాట్లాడినప్పుడు గొంతు పెంచలేదు.

"నిప్పు ఎవరికైనా అదుపు తప్పుతుంది. నేనూ ఒకసారి కాల్చాను, మా మామ అరటి తోట. అది కాదు. నా మేనల్లుళ్ళను పొయ్యి ముందు నిలబెట్టాను. నా చెల్లెలు అన్నం తినడం మానేసింది. నువ్వు బియ్యం తెచ్చి ఇచ్చావు. మా ముఖాలు చూశావు. చూసి వెళ్ళిపోయావు."

"అవును" అన్నాడు త్రోస్వెల్.

"మొక్కలిచ్చావు. నేను నీకు దణ్ణం పెట్టాను. పెట్టానా లేదా?"

"పెట్టారు."

"పెట్టించుకున్నావు."

త్రోస్వెల్, ఆ నేల తనకు వద్దు, రాయి మళ్ళీ ముందున్న చోటికే జరుపుదామన్నాడు.

బొర్సింగ్‌కు అప్పుడు నిజంగా కోపం వచ్చింది. "నా తప్పు నాది. దాన్ని నేను కడుక్కున్నాను. నీ తప్పు కప్పుకోవడానికి దాన్ని మళ్ళీ నాకు అంటగట్టకు. నువ్వు నిప్పు పెట్టకపోయినా ఆ రాయి జరిపింది నేనే. ఫో ఇక్కణ్ణుంచి."

లోపల నుంచి ఫిల్లా వచ్చి, ఇద్దర్లో ఎవరి వైపూ చూడకుండా తలుపు వేసుకుంది.

ఊరి సభలో త్రోస్వెల్ నిలబడి అందరి ముందూ చెప్పాడు. తేనె కోసేవాళ్ళను తిట్టినవాళ్ళు తలలు వంచుకున్నారు. కాలిన తోటను అతనే తిరిగి నాటాలని, ఆ చెట్లు కోతకు వచ్చేదాకా తన తోటలో కోసిన బిర్యానీ ఆకులో సగం ఫిల్లా ఇంటికి చేర్చాలని సభ తీర్మానించింది. చర్చిలో ఇంకా కష్టమైంది. సంఘ పెద్దగా దిగిపొమ్మన్నారు, క్రిస్మసు దాకా ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకోకుండా దూరం ఉంచారు. అతను ఒప్పుకున్నాడు. ఒక్క మాట మాత్రం చెప్పుకోనివ్వమన్నాడు.

"ఆ ఆదివారం నేను చెప్పిన పాఠం తప్పు కాదు" అన్నాడు. "దేవుడు ఎవర్నీ చీకట్లో వదలలేదు అన్నాను. అది నిజమని చూపించింది మన చర్చి బయట ఉన్న మనిషి. దేవుడు అతనితో మాట్లాడాడు, అతను విన్నాడు. నాతోనూ మాట్లాడాడు. నేను విననట్టు ఉన్నాను. ఆ మనిషిని నవ్వులపాలు చేసింది కూడా నేనే, ఇదే చోట నిలబడి."

వెనక బల్లల్లో ఒకాయన లేచి, "అయితే ఇంక మనం వాళ్ళకు సువార్త చెప్పక్కర్లేదంటావా?" అని అడిగాడు.

"చెప్పాలి. వాళ్ళకు తెలిసిన దేవుడి కొడుకు పేరు చెప్పాలి" అన్నాడు త్రోస్వెల్. "నేను చెబితే మాత్రం ఎవరు వింటారు?" అని కూర్చున్నాడు.

వానలు మొదలయ్యాక నాట్లు పెట్టారు. వెదురు గొడుగు వీపున బోర్లించుకుని త్రోస్వెల్ గుంటలు తవ్వేవాడు, బొర్సింగ్ మొక్క పెట్టేవాడు. మొదటి వారం మాటల్లేవు. తర్వాత బొర్సింగ్ గుంట లోతు చాలదనేవాడు, రాయి తియ్యమనేవాడు. ఇంకొన్నాళ్ళకు, నీ చేతికి గడ్డపార కంటే పుస్తకమే నయమని వెక్కిరించాడు. ఒకరోజు వాన మరీ ఎక్కువై ఇద్దరూ ఒక బండ కింద నక్కి కూర్చున్నప్పుడు, ఎదురు లోయలోకి దూకుతున్న నీళ్ళను చూస్తూ బొర్సింగ్, "వాన గురించి ఆ రోజు నువ్వేదో చెప్పావట. చెప్పు, వింటాను" అన్నాడు. త్రోస్వెల్ గడ్డపారకు అంటిన మట్టి గీకడం మొదలెట్టాడు. "సర్లే, ఇంకోరోజు" అన్నాడు బొర్సింగ్. ఆ ఇంకోరోజు వచ్చిందో లేదో మాకెవరికీ తెలీదు. బొర్సింగ్ చర్చికి మాత్రం ఎప్పుడూ రాలేదు.

నాట్లు అయిపోయిన రోజు త్రోస్వెల్ ఫిల్లా ఇంటి ముందు ఆగాడు. ఎర్మిలిన్ అప్పటికే రెండుసార్లు వచ్చి ఆమెతో మాట్లాడి వెళ్ళింది. ఫిల్లా గుమ్మంలో నిలబడింది, లోపలికి రమ్మనలేదు.

"అన్నయ్య నిన్ను క్షమించానని చెప్పాడా?" అంది.

"చెప్పలేదు. కానీ మాట్లాడుతున్నారు."

"అన్నయ్య మనసు అంతే, తొందరగా కరుగుతుంది" అంది ఫిల్లా. "నాది అలా కాదు. అమ్మ నన్ను శపించిందనుకుని ఎన్ని రోజులు పడుకున్నానో నీకు తెలీదు. అమ్మను ఎంత తిట్టుకున్నానో తెలీదు. నిప్పు నీదని తెలిశాక ఇప్పుడు అమ్మకేం చెప్పుకోవాలి?"

త్రోస్వెల్ తల వంచుకుని విన్నాడు.

"చలి రానీ. అస్థికలు రాతిగూటికి చేర్చేటప్పుడు మోసేవాళ్ళకు వంట చెయ్యాలి, కట్టెలు కావాలి. నువ్వు కొట్టి తీసుకురా. అప్పటికి ఏమనిపిస్తే అది చెబుతాను."

"తెస్తాను, కాంగ్" అన్నాడు.

ఆమె లోపలికి వెళ్ళింది. ఈసారి తలుపు వెయ్యలేదు, లోపలికి పిలవనూ లేదు. త్రోస్వెల్ కొంచెంసేపు వానలో అలాగే నిలబడి, తర్వాత గొడుగు సర్దుకుని ఇంటి దారి పట్టాడు.